లీగల్ ఒపీనియన్ ఎందుకు వెనక్కొస్తోంది? లక్షణం, కారణం, పరిష్కారం

ఐరాక్ పద్ధతి (ప్రశ్న, చట్టం, అన్వయం, ముగింపు అనే వరసలో రాయడం) మీకు తెలుసు, సెక్షన్ వెతకడం వచ్చు, తీర్పు చదవడం వచ్చు అనుకునే ఇది రాస్తున్నా. అవన్నీ వచ్చినవాళ్ళ ఒపీనియన్లే, అంటే క్లయింట్ సమస్యకి చట్టం ఏం చెప్తుందో రాసిచ్చే అభిప్రాయాలే, నా టేబుల్ మీదికి వస్తుంటాయి, ఎర్ర ఇంకు పూసుకుని తిరిగి వెళ్తుంటాయి. ఏళ్ళ తరబడి దిద్దాక తెలిసిందేంటంటే తప్పుల్లో పెద్ద వెరైటీ ఏమీ ఉండదు, అవే నాలుగైదు వేషం మార్చుకుని వస్తాయి.

కింద ఉన్నది చదివే ముందు ఒక్కటి చెప్పండి. మీ డ్రాఫ్ట్ పక్కన తారీఖుల పట్టిక ఉందా? లేకపోతే ముందు అది వేసుకుని రండి. ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెప్తా, ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది వేయరు.

లక్షణం: చట్టమంతా సరిగ్గానే రాశారు, అయినా సీనియర్ రెండు నిమిషాల్లో పక్కన పడేశారు

కారణం ఎక్కువసార్లు లిమిటేషనే, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు. ప్రాంసరీ నోటు మీద డబ్బు రావాలి. వడ్డీ ఎంత, సాక్షులెవరు, సంతకం తనదేనని ఒప్పుకుంటాడా లేదా అని మూడు పేజీలు నింపుతారు, నోటు రాసి ఎన్నేళ్ళయిందో మాత్రం ఎక్కడా కనపడదు. మామూలు డిమాండ్ నోటుకి (అడగ్గానే ఇస్తానని రాసినదానికి) 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం గడువు నోటు తారీఖు నుంచి 3 ఏళ్ళు, మీ క్లయింట్ వెళ్ళి అడిగిన రోజు నుంచి కాదు. "అవతలివాళ్ళు ఆ పాయింట్ తీయకపోతే సార్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సెక్షన్ 3 తీసి చదవమంటా. ప్రతివాది నోరు విప్పకపోయినా, గడువు దాటిన దావాని కోర్టు కొట్టేయాల్సిందే.

పరిష్కారం చెప్పేశాను, పట్టిక. ఎడమ పక్క తారీఖు, కుడి పక్క ఏం జరిగింది, దానికి కాగితం ఏముంది. గడువు ఎక్కడ మొదలైందో, మధ్యలో ఎక్కడైనా మళ్ళీ కొత్తగా మొదలైందో ఆ పట్టికే చూపిస్తుంది. గడువు లోపల అప్పు ఉందని ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం ఉంటే సెక్షన్ 18, కొంత డబ్బు కట్టి నోటు వెనక జమ రాసి సంతకం పెట్టి ఉంటే సెక్షన్ 19. అదే సంతకం గడువు దాటాక పెట్టాడా, ఈ రెండూ పనికిరావు, ఇస్తానని రాతపూర్వకంగా మాట ఇచ్చాడేమో చూసి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) వైపు వెళ్ళాలి. అంటే తారీఖు తెలియకుండా మీరు ఏ సెక్షన్ రాసినా అది గుడ్డిగా వేసిన బాణమే.

లక్షణం: ఆరు పేజీలు రాశాక "ఇది కోర్టు విచక్షణ మీద ఆధారపడి ఉంటుంది" అని ముగిసింది

ప్రశ్న రాసుకోలేదు, అంతే. "నాకు హక్కు ఉందా?" అన్నది క్లయింట్ బాధ, అది మీ ప్రశ్న కాదు. ఎవరు, ఎవరి మీద, ఏ ఆస్తి లేదా ఏ డబ్బు గురించి, ఏ ఉపశమనం కోరితే, ఈ రోజుకి దొరుకుతుందా అని ఒకే వాక్యంలో రాయండి. రాయలేకపోతే విషయం మీకింకా అర్థం కాలేదన్నమాట, మళ్ళీ కాగితాల దగ్గరికి వెళ్ళండి. జవాబు మొదటి పేరాలోనే పెట్టండి. అవును, కాదు, అవునయ్యే అవకాశమే ఎక్కువ, కాకపోయే అవకాశమే ఎక్కువ: ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకుని, ఎందుకో ఆ పక్కనే చెప్పండి. మూట్ కోర్టు (లా కాలేజీల్లో జరిగే ఉత్తుత్తి వాదన పోటీ) అలవాటు కొద్దీ క్లయింట్ తరఫున వాదించేస్తుంటారు చాలామంది. ఒపీనియన్‌లో అవతలి లాయర్ మాట కూడా మీరే రాయాలి, అదీ ఆయన రాసేంత గట్టిగా.

లక్షణం: సెక్షన్ కరెక్టు, తీర్పులు కరెక్టు, తర్కం కరెక్టు, జవాబు మాత్రం తప్పు

ఇదే అసలు దొంగ. దీని చేతిలో నేనూ దెబ్బ తిన్నా కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో ఒకాయన వచ్చాడు. నాన్న పొలం అమ్మేస్తున్నారు, అది పిత్రార్జితం, నా వాటా ఆపాలి అన్నాడు. నేను "వాస్తవాలు" అని హెడ్డింగ్ పెట్టి మొదటి వాక్యం రాశా: "సదరు భూమి పిత్రార్జితం." ఇక అక్కడి నుంచి బండి పట్టాల మీద పరిగెత్తింది. పుట్టుకతో వచ్చే హక్కు, కుటుంబ అవసరం లేకుండా తండ్రి అమ్మడానికి వీల్లేకపోవడం, అన్నిటికీ తీర్పులు. ఇప్పుడు తీసి చదివినా అందులో ఒక్క చట్టపు తప్పు కనపడదు. ఆ ఒపీనియన్ పట్టుకుని తండ్రికి నోటీసు వెళ్ళింది. జవాబుతో పాటు ఒక పాత సేల్ డీడ్ నకలు వచ్చింది. ఆ భూమిని తాత 1961లో సొంత జీతం డబ్బుతో కొన్నాడు, 1974లో వీలునామా లేకుండా పోయాడు.

అంతే, ఆరు పేజీలూ చెత్తబుట్టలోకి. అది తాత స్వార్జితం, అంటే సొంతంగా సంపాదించుకున్నది, ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక పోయాడు, కాబట్టి తండ్రికి అది సెక్షన్ 8 కింద వారసుడిగా వచ్చింది. అలా వచ్చిన ఆస్తి తండ్రి చేతిలో ఆయన సొంత ఆస్తే, ఆయన కొడుకుకి అందులో పుట్టుకతో హక్కు రాదని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో చెప్పింది, ఆ తర్వాత యుధిష్టర్ కేసులోనూ అదే మాట అంది. ఆ తీర్పులు నాకు తెలియక కాదు, వాటి దాకా వెళ్ళాల్సిన అవసరమే కనపడలేదు. "పిత్రార్జితం" అన్న మాట ఆ తలుపు మూసేసింది.

మన వాడుకలో ఆ మాట నాన్న వైపు నుంచి వచ్చిన దేనికైనా వాడేస్తాం, తాత కొన్నా, ముత్తాత నుంచి దిగి వచ్చినా, నాన్న రాసిచ్చినా. చట్టంలో ఆ మూడూ మూడు దారులు. ముత్తాత 1956 జూన్ 17కి ముందే పోయి తాతకి వచ్చిన ఆస్తి అయ్యుంటే నా ఒపీనియన్ చాలావరకు నిలబడేది. తాత తన స్వార్జితాన్ని కొడుక్కి వీలునామా ద్వారానో గిఫ్టు ద్వారానో ఇచ్చి ఉంటే, ఏ ఉద్దేశంతో ఇచ్చాడో ఆ పత్రంలోని మాటలని బట్టి తేల్చాలి, అది 1953 నాటి అరుణాచల ముదలియార్ తీర్పు. క్లయింట్ అబద్ధం చెప్పలేదు. కోర్టు తేల్చాల్సిన విషయాన్ని తనే తేల్చేసి, వాస్తవంలా నా చేతిలో పెట్టాడు, నేను తీసుకున్నా.

దీన్ని పట్టుకోవడానికి తర్వాత నాకు దొరికిన చిట్కా ఒకటుంది. మీ "వాస్తవాలు" భాగంలో క్రియ లేని వాక్యాలన్నిటి కిందా గీత గీయండి. "భూమి పిత్రార్జితం." "స్వాధీనం మాది." "అతను అద్దెదారు." "ఆవిడ భాగస్వామి." తెలుగులో ఇలా క్రియ లేకుండా వాక్యం హాయిగా నడిచిపోతుంది, అందుకే కంటికి ఆనదు. ఇలాంటి ప్రతి వాక్యం దాదాపుగా ఒక తీర్మానమే. దాన్ని విప్పి ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అని క్రియలు పెట్టి రాయండి. తాత కొన్నాడు, డబ్బు ఫలానా చోటి నుంచి తెచ్చాడు, ఫలానా ఏడాది చనిపోయాడు, వీలునామా రాయలేదు. విప్పడానికి సమాచారం లేకపోతే క్లయింట్‌ని అడగాల్సిన ప్రశ్న అదే.

రెండో రకం ఇంకా నక్కజిత్తులది, క్రియ ఉంటుంది కానీ చేసినవాడు ఉండడు. "రిజిస్ట్రేషన్ అయింది." ఏది రిజిస్టర్ అయింది? తీసి చూస్తే సేల్ డీడ్ కాదు, అమ్మకపు అగ్రిమెంటు. దానంతట అదే ఆస్తిలో ఏ హక్కూ ఇవ్వదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54లోనే ఉంది. "నోటీసు వెళ్ళింది." చెక్ బౌన్స్ కేసులో ఈ ఒక్క మాట నమ్మి రాసిన ఒపీనియన్లు ఎన్ని దిద్దానో. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల లోపల నోటీసు ఇచ్చారా, అది అవతలివాడికి ఏ రోజు అందింది, అందాక 15 రోజులు గడిచాయా, ఆ తర్వాత నెల లోపలే ఫిర్యాదు వేయగలమా? ఇన్ని తారీఖులు ఆ "వెళ్ళింది" కింద దాక్కున్నాయి. "పంపకాలు అయిపోయాయి" కూడా ఈ బాపతే. నోటి మాటా, కాగితమా, రిజిస్టర్ అయిన పత్రమా, కోర్టు డిక్రీయా?

విప్పాక కూడా కొన్నిటికి కాగితం దొరకదు. అప్పుడు ఊహగా రాసుకోవచ్చు, తప్పు లేదు, కానీ ఊహ అని పేరు పెట్టి రాయండి, అది తప్పైతే జవాబు ఏమవుతుందో వెంటనే రాయండి. "తాతకి ఈ భూమి కొనుగోలు ద్వారా వచ్చిందన్న సమాచారం మీద ఈ అభిప్రాయం ఆధారపడింది, 1956కి ముందే ఆయన తండ్రి నుంచి వచ్చినట్టు తేలితే ఫలితం మారుతుంది." ఈ రెండు ముక్కలు నేను ఆ రోజు రాసి ఉంటే ఆ నోటీసు వెళ్ళేది కాదు. "క్లయింట్ ఇచ్చిన సమాచారం మేరకు" అని పైన ఒక లైను పడేసి చేతులు దులుపుకోవడం ఊహ రాయడం కాదు. ఏ సమాచారం మీద ఏ జవాబు నిలబడిందో ఆ లైను చెప్పదు.

లక్షణం: తీర్పులు బోలెడు, అయినా "బలం లేదు" అన్నారు

హెడ్‌నోట్ (తీర్పు పైన ప్రచురణకర్తలు వేసే సారాంశం) చదివి ఆపేశారా? లేక ఆ తీర్పు ఇప్పటికీ బతికుందో లేదో చూడలేదా? కూతుళ్ళ వాటా మీద 2015 నాటి ప్రకాష్ వర్సెస్ ఫూలవతి తీర్పుని ఇంకా ఎత్తి రాస్తున్నవాళ్ళున్నారు. కూతుళ్ళకి సమాన వాటా ఇచ్చిన సవరణ అమలైన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న ఆ మాటని 2020 ఆగస్టులో ముగ్గురు జడ్జీల బెంచ్ వినీతా శర్మ కేసులో కొట్టేసింది. క్రిమినల్ వైపు అయితే నేరం ఎప్పుడు జరిగిందో చూసి మరీ సెక్షన్ రాయండి, 2024 జులై 1కి ముందు జరిగినదానికి ఐపీసీ, ఆ రోజు నుంచి జరిగినదానికి భారతీయ న్యాయ సంహిత.

చాట్‌బాట్ ఇచ్చిన సైటేషన్ (కేసు పేరు, నంబరు) అయితే తీర్పు పూర్తి పాఠం మీ కళ్ళతో చూసేదాకా అది లేనట్టే లెక్క. లేని కేసులని ఉన్నట్టు రాసి దాఖలు చేసినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా వేసింది. లాయర్లకే ఆ గతి పట్టింది, మీ ఇంటర్న్‌షిప్ సంగతి మీరే ఆలోచించుకోండి.

మిగతావి

రెండు సమాన బెంచ్‌ల తీర్పులు ఢీకొన్నాయా, అరుదు, రెండూ రాసి మీరు ఏ వైపో చెప్పండి చాలు. రాష్ట్ర సవరణ అడ్డొచ్చిందా, పాత కుటుంబ ఆస్తుల ఫైళ్ళలో కూతుళ్ళకి వాటా ఇస్తూ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ ఒక్కోసారి తగులుతుంది, ఆ తారీఖుకి ముందు కూతురికి పెళ్ళయిందా లేదా అన్నది చూసుకోండి. లాటిన్ మాటలు సరిపోలేదనో, ఫాంట్ బాగాలేదనో ఒపీనియన్ వెనక్కి రావడం నేనింతవరకు చూడలేదు. అలా వచ్చిందని మీరు అనుకుంటుంటే మీ తారీఖుల పట్టిక ఒకసారి నాకు పంపండి.