"నాకెవరూ చెప్పలే సార్": టీంలో తేడా ఎక్కడ వస్తుందో పట్టుకోవడం

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో కొన్నేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. గేటు, కాంటా, కంప్యూటర్, ఛాంబర్లు కలిపి పద్నాలుగు మంది సిబ్బంది. హమాలీలు వేరే. ఫిబ్రవరిలో మిర్చి బండ్లు మొదలైతే ఏప్రిల్ దాకా ఊపిరాడదు. మిగతా ఏడాదంతా కనపడని లోపాలు ఆ మూడు నెలల్లో బయటపడతాయి. అప్పుడు మనం మొదట చేసే పని ఎవడో ఒకణ్ణి పట్టుకుని తిట్టడం. నేనూ అదే చేశాను. తీరా చూస్తే తప్పు చాలాసార్లు మనిషిలో కాదు, పని పంచిన తీరులో ఉండేది. మడికొండ ఐటీ పార్కులో కూర్చునేవాళ్ల సంగతీ దీనికి పెద్ద తేడాగా ఉండదనుకుంటా.

సమస్య: ఎవరిని అడిగినా "నాకు చెప్పలే"

ఒక రైతు 62 బస్తాలు తెచ్చాడు. ఛాంబర్‌లో లెక్క పెడితే 60. గేటు దగ్గర పిల్లగాడు "62 అని చీటీ రాసిన సార్" అన్నాడు. ఛాంబర్ అతను "రెండు తక్కువున్నయని ఫోన్ చేసి చెప్పిన" అన్నాడు. కంప్యూటర్ దగ్గరున్నతను "చీటీల ఏముంటే అది కొట్టిన" అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పారు. రాత్రి పదకొండింటికి ఆ రెండు బస్తాలు పక్క లాట్ వెనకాల దొరికాయి. అప్పటిదాకా ఆ రైతు గేటు దగ్గర అరుగు మీదే కూర్చున్నాడు, చాయ్ ఇచ్చినా తాగలేదు.

కారణం: ఎవరి పని వాళ్లు చేశారు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయే చోటు మాత్రం ఎవరిదీ కాదు.

ఏం చేయాలి: అప్పగించే ప్రతిచోటా ఒకే ఒక్క మనిషి పేరు ఉండాలి. "మీరిద్దరూ చూసుకోండి" అంటే ఎవరూ చూడరు. తీసుకునేవాడు "సరే" అంటే చాలదు, "62, రెండో ఛాంబర్, మూడో ర్యాక్" అని తిరిగి చెప్పాలి. కాంటా దగ్గర బరువు పైకి చదవడం మనకు అలవాటే కదా, అదే అలవాటును లోపలికి తెచ్చుకోవడం. లెక్క తేడా వస్తే ఫోన్‌తో సరిపెట్టకుండా చీటీ మీద రాయాలి. మొదటి వారం అందరూ నవ్వారు. రెండో వారం నుంచి అదే అలవాటైంది.

సమస్య: మనుషులను పెంచినా పని పెరగట్లేదు

లారీ దింపడానికి నలుగురు చాలరని ఎనిమిది మందిని పెడతాం. టైం సగానికి తగ్గాలి, తగ్గదు. ఫ్రాన్స్‌లో వ్యవసాయ ఇంజనీరు మ్యాక్స్ రింగెల్మాన్ తాడు లాగించి దీన్ని కొలిచి, 1913లో అచ్చు వేశాడు. ఒంటరిగా లాగినప్పుడు పెట్టే బలంలో, ఎనిమిది మందితో కలిసి లాగేటప్పుడు ఒక్కొక్కరి వంతు సగానికి పడిపోయింది. ఒకరి ఊపు ఇంకొకరితో కలవకపోవడం ఒక కారణం. పక్కవాడున్నాడులే అనే ధీమా ఇంకొకటి. 1974లో మళ్లీ పరీక్షించారు. కళ్లకు గంతలు కట్టి, వెనక జనం లాగుతున్నారని నమ్మిస్తే చాలు, ఒక్కడే ఉన్నా లాగడం తగ్గించాడు.

దీనికి మందు సులువు. గుంపును జతలుగా విడగొట్టండి, ఒక్కో జతకు ఒక్కో లాట్ ఇవ్వండి, ఎవరు ఎన్ని దింపారో బోర్డు మీద రాయండి. అయితే బోర్డు చూపించి కూలి కోయకండి. కోస్తే మర్నాటి నుంచి అంకెలన్నీ అబద్ధాలే.

సమస్య: మీటింగ్‌లో "సరే సార్", బయట చాయ్ దగ్గర అసలు మాట

ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే పైకి అంతా ప్రశాంతంగా ఉంటుంది.

మిర్చిని చేత్తో నలిపితే గలగలమనాలి. మెత్తగా తగిలితే తేమ ఉన్నట్టు, లోపల పెడితే బూజు పడుతుంది. ఒకసారి అట్లాంటి లాట్ ఒకటి లోపలికి వెళ్లిపోయింది. కింద రాలిన కాయలు ఊడ్చే పెద్దామెకు ఆ సంగతి తెలుసు, చేతికే తగిలింది.

"ముందే చెప్పొద్దా అక్కా?"

"పోయినసారి చెప్తే నీ పని నువ్వు చూసుకో అన్నరు కద సారూ."

అన్నది నేనే. నాకు గుర్తు కూడా లేదు.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను లెక్కించింది. మంచి టీంలలో తప్పులు తక్కువుంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది, మంచి టీంలలోనే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, భయం లేక బయటకు చెప్పారని తర్వాత అర్థమైంది. కాబట్టి మీ దగ్గర నెలంతా ఒక్క ఫిర్యాదూ రాకపోతే సంతోషపడకండి.

ఏం చేయాలి: మీటింగ్‌లో అందరికంటే చిన్న ఉద్యోగిని ముందు అడగండి. ఓనర్ మాట్లాడాక ఇంకెవరూ వేరే మాట అనరు. చెడ్డ వార్త తెచ్చినవాణ్ణి ఆ పూటకు తిట్టొద్దు. కష్టమే, నోటి దాకా వస్తుంది. మీ తప్పు ఒకటి మీరే ముందు చెప్పుకోండి. నేను "నీ పని నువ్వు చూసుకో" ముచ్చట అందరి ముందూ చెప్పాను. ఆ మర్నాడే ఇద్దరు ఏదో చెప్పడానికి వచ్చారు.

సమస్య: ఒక్కడు లేకపోతే అంతా బంద్

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. మా మెషిన్ ఆపరేటర్ నిలువెత్తు బంగారం (మనిషి బరువంత బెల్లం) మొక్కు తీర్చుకోవడానికి కుటుంబంతో పోతే నాలుగు రోజులు ఫోన్ కలవదు. కంప్రెసర్ శబ్దం మారితే ఏం చేయాలో ఇంకెవరికీ తెలియదు. అతను దాచుకున్నాడని అందరూ అన్నారు. నిజానికి నేర్చుకొమ్మని మేం ఎవరినీ అతని పక్కన నిలబెట్టలేదు. జాతరకు నెల ముందే ఒకణ్ణి జత చేయండి. చివరి వారం ఆ కొత్తవాడే నడపాలి, పాతవాడు చేతులు కట్టుకుని చూడాలి.

సమస్య: కొత్త టీం, రోజూ పంచాయితీ

కంగారు పడకండి. కొత్తగా కలిసినవాళ్లు కొన్నాళ్లు గొడవ పడి, తర్వాత కుదురుకోవడం మామూలేనని 1965లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ రాశాడు. ఎవరి పని ఎక్కడిదాకా అన్నది కాగితం మీద పెట్టండి, సగం పంచాయితీ అక్కడే తెగుతుంది. నెలలు గడిచినా అదే ఇద్దరు, అదే గొడవ అయితే విడివిడిగా కూర్చోబెట్టి అడగండి.

అందరినీ బస్సెక్కించి లక్నవరం తీసుకెళ్తే కలిసిపోతారని మా ఓనర్ నమ్మకం. వెళ్లాం, ఉయ్యాల వంతెన మీద ఫోటోలు దిగాం, బిర్యానీ తిన్నాం. గేటు పిల్లగాడూ ఛాంబర్ అతనూ పోయేటప్పుడు ఎట్లా బస్సుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారో, వచ్చేటప్పుడూ అట్లాగే కూర్చున్నారు. చీటీ మీద రెండు సంతకాలు పెట్టించడం మొదలుపెట్టాకే వాళ్లిద్దరి మధ్యా మాటలు మొదలయ్యాయి.