టీవీ హక్కుల వార్త చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: స్టేషన్ వేరు, నెట్‌వర్క్ వేరు

పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నకి మీ జవాబులన్నీ చదివాను. అడిగింది చిన్న ప్రశ్నే. డాలస్‌లో ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆదివారం మ్యాచ్‌లు 1993లో 4వ నంబర్ ఛానల్లో, 1994లో 33లో, 1995లో మళ్లీ 4లో వచ్చాయి, ఎందుకు? ఎక్కువమంది "ఫాక్స్ వాళ్లు 4వ నంబర్ ఛానల్ని కొనేశారు" అని రాశారు, ఇంకొంతమంది "సీబీఎస్ పేరు మార్చుకుని ఫాక్స్ అయింది" అన్నారు. రెండూ కాదు. ఈసారి మ్యాచ్‌ల ప్యాకేజీల గురించి పూర్తిగా చెప్పాలనుకున్నాను గానీ ఈ ముడి విప్పకుండా అటు వెళ్తే అక్కడ కూడా ఇదే తప్పు చేస్తారు, అందుకే పాఠంలో ఎక్కువ భాగం దీనికే ఇస్తున్నాను.

ఈ తికమక ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. మనం పెరిగింది శాటిలైట్ ఛానళ్లతో. ఈటీవీ గానీ జెమిని గానీ శ్రీకాకుళంలో పెట్టినా ఆదిలాబాద్‌లో పెట్టినా అదే బొమ్మ, అదే టైము. ఛానల్, కంపెనీ, ప్రోగ్రాం అన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి. అమెరికా టీవీ అలా పుట్టలేదు. అక్కడ ముందు వచ్చింది ఊరి స్టేషన్. దానికో టవర్, దానికో లైసెన్సు, దానికో పిలుపు పేరు, దాని సొంత న్యూస్. నెట్‌వర్క్ అనేది ఆ స్టేషన్లకి ప్రోగ్రాంలు సరఫరా చేసే కంపెనీ, సీబీఎస్, ఫాక్స్, ఏబీసీ, ఎన్‌బీసీ లాంటివి. ఇద్దరి మధ్య ఒక కాంట్రాక్టు ఉంటుంది, దానికి ఒక ఆఖరి తేదీ ఉంటుంది. దాన్నే అఫిలియేషన్ అంటారు.

మన ఊరి సినిమా హాలుని తలుచుకోండి. హాలు ఒకరిది, సినిమా ఇంకొకరిది, మధ్యలో డిస్ట్రిబ్యూటర్. శుక్రవారం బొమ్మ మారితే హాలు అమ్ముడుపోయిందని ఎవరూ అనరు కదా, హాలు పేరు మారిందని అసలే అనరు. 4వ నంబర్ స్టేషన్ కేడీఎఫ్‌డబ్ల్యూ ఆ హాలు. 1995 జులైలో అక్కడ బొమ్మ సీబీఎస్ నుంచి ఫాక్స్‌కి మారింది, అంతే. లైసెన్సు అదే, టవర్ అదే, నంబర్ అదే.

అయితే నెట్‌వర్క్‌కే సొంతమైన స్టేషన్లు ఉండవా అంటే ఉంటాయి. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో లాంటి పెద్ద ఊళ్లలో నెట్‌వర్క్‌లు దాదాపు అన్నీ సొంత స్టేషన్లే పెట్టుకుంటాయి. దేశమంతా కొనేసుకోవచ్చు కదా అంటే కుదరదు, ఒక కంపెనీ స్టేషన్లు దేశంలోని 39 శాతం ఇళ్లకి మించి చేరకూడదని పరిమితి ఉంది. అందుకే మిగతా ఊళ్లలో వేరేవాళ్ల స్టేషన్ మీద ఆధారపడక తప్పదు. కాబట్టి "ఫాక్స్ 4" అని బోర్డు కనిపించగానే ఫాక్స్‌దే అనుకోవద్దు. ఆ తేదీకి ఓనర్ ఎవరో విడిగా చూడాలి. 1995లో కేడీఎఫ్‌డబ్ల్యూ న్యూ వరల్డ్ అనే కంపెనీది. 1997లో ఆ కంపెనీ మొత్తాన్నీ ఫాక్స్ కొన్నాకే అది ఫాక్స్ సొంతమైంది. "కొనేశారు" అని రాసినవాళ్లు ఇవాళ్టి ఓనర్ని చూసి అప్పటి కథ రాశారు, పొరపాటు అక్కడ జరిగింది. నేనైతే ఏ స్టేషన్ గురించి చదివినా ముందు కాగితం మీద రెండు గళ్లు గీస్తాను, ఒకదాంట్లో ఓనరు, రెండోదాంట్లో నెట్‌వర్క్, పక్కన తేదీ. తేదీ లేని గడికి విలువ లేదు.

స్టేషన్ నిజంగా వేరే మనిషి అనడానికి ఇంకో గుర్తు, నెట్‌వర్క్ పంపిన ప్రోగ్రాంని అది వేయకుండా ఆపగలదు. 2025 సెప్టెంబర్‌లో జిమ్మీ కిమ్మెల్ రాత్రి టాక్ షోని ఏబీసీ ఆపి తిరిగి మొదలుపెట్టాక కూడా నెక్స్‌స్టార్, సింక్లెయిర్ కంపెనీల చేతిలో ఉన్న ఏబీసీ స్టేషన్లు కొన్ని రోజులు వేయలేదు. ఒకే నెట్‌వర్క్, పక్క పక్క రాష్ట్రాలు, ఒక ఊళ్లో షో వచ్చింది, ఇంకో ఊళ్లో రాలేదు. మన శాటిలైట్ ఛానల్ అలవాటుతో చూస్తే ఇది అర్థమే కాదు.

ఇప్పుడు అసలు కథ. 1993 డిసెంబర్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన ఎన్‌ఎఫ్‌సీ జట్ల మ్యాచ్‌ల హక్కులని ఫాక్స్ 4 ఏళ్లకి 158 కోట్ల డాలర్లకి గెలుచుకుంది. 1956 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ చూపిస్తున్న సీబీఎస్ చేతులు ఖాళీ అయ్యాయి. కౌబాయ్స్ ఎన్‌ఎఫ్‌సీ జట్టు కాబట్టి 1994లో వాళ్ల మ్యాచ్‌లు ఫాక్స్ దగ్గరికి వెళ్లాయి. డాలస్‌లో అప్పుడు ఫాక్స్ స్టేషన్ ఏది? 33వ నంబర్, కేడీఏఎఫ్. 1995లో ఫాక్స్ బొమ్మ 4కి మారింది, మ్యాచ్‌లూ దానితో పాటే వచ్చాయి. అంటే మొదటిసారి కదిలింది హక్కులు, రెండోసారి కదిలింది అఫిలియేషన్. ఛానల్ నంబర్ రెండుసార్లు మారినా కారణాలు రెండూ వేరు వేరు. ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే పూర్తి మార్కులు.

ఫాక్స్‌కి మ్యాచ్‌లు దొరికినా దాని స్టేషన్లు ఎక్కువ ఊళ్లలో పెద్ద నంబర్లలో ఉండేవి, యాంటెన్నాకి సరిగా అందవు. 2 నుంచి 13 దాకా ఉన్న నంబర్లకే సిగ్నల్ బాగా పాకేది, పాత పేరున్న న్యూస్ కూడా వాటికే ఉండేది. అందుకే 1994 మేలో ఫాక్స్ న్యూ వరల్డ్‌లో 50 కోట్ల డాలర్లు పెట్టింది, బదులుగా ఆ కంపెనీ చేతిలో ఉన్నవీ కొనబోతున్నవీ కలిపి 12 స్టేషన్లు ఫాక్స్ వైపు వచ్చేలా ఒప్పందం జరిగింది. డెట్రాయిట్, అట్లాంటా, క్లీవ్‌లాండ్, మిల్వాకీ, టాంపా, డాలస్, ఇవన్నీ సీబీఎస్ పోగొట్టుకున్న ఊళ్లే. డెట్రాయిట్‌లో మరీ ఘోరం, 2వ నంబర్ పోయాక సీబీఎస్‌ని తీసుకునే స్టేషన్ దొరకలేదు, చివరికి 62వ నంబర్‌లో ఉన్న చిన్న స్టేషన్ డబ్ల్యూజీపీఆర్‌ని 2.4 కోట్ల డాలర్లకి కొనుక్కోవాల్సి వచ్చింది. అది అమెరికాలో నల్లజాతి యజమానులు పెట్టిన మొదటి టీవీ స్టేషన్, 1975లో మొదలైంది. ఒక ఆట హక్కులు చేతులు మారితే దాని దెబ్బ అక్కడిదాకా తగిలింది. నాకు ఈ పాఠాల మొత్తంలో ఇష్టమైన ఉదాహరణ ఇదే, ఎందుకంటే హక్కుల వార్తని ఆట పేజీలో చదివి వదిలేస్తే ఇదేమీ కనిపించదు.

బాల్టిమోర్ ఇంకో రకం. అక్కడ ఫాక్స్ ఏమీ చేయలేదు, అయినా 1995 జనవరి 2న మూడు స్టేషన్లు ఒకేరోజు బొమ్మలు మార్చుకున్నాయి. ఎలాగంటే డెట్రాయిట్, క్లీవ్‌లాండ్‌లలో స్క్రిప్స్ కంపెనీ స్టేషన్ల మీద సీబీఎస్ కన్నేసింది, వాటిని కాపాడుకోడానికి ఏబీసీ స్క్రిప్స్‌తో దీర్ఘకాల ఒప్పందం చేసుకుని బాల్టిమోర్‌లో అప్పటిదాకా ఎన్‌బీసీతో ఉన్న స్క్రిప్స్ స్టేషన్‌ని కూడా తీసుకోవాల్సి వచ్చింది, దాంతో ఏబీసీతో ఉన్న వెస్టింగ్‌హౌస్ కంపెనీ స్టేషన్ సీబీఎస్ వైపు వెళ్లింది, సీబీఎస్ పోయిన మూడోది ఎన్‌బీసీ పట్టుకుంది. ఇది ఒకసారి చదివితే ఎక్కదు, పెన్ను పట్టుకుని గీయండి.

డబ్బు సంగతి. పాత రోజుల్లో నెట్‌వర్క్ స్టేషన్‌కి డబ్బు ఇచ్చేది, మా ప్రోగ్రాం వేస్తున్నావు కాబట్టి ఇదిగో అని. ఇప్పుడు బాణం తిరగబడింది, స్టేషనే నెట్‌వర్క్‌కి కడుతోంది. స్టేషన్‌కి ఎక్కడినుంచి వస్తుందంటే 1992 కేబుల్ చట్టం తర్వాత, తన సిగ్నల్ వాడుకున్నందుకు కేబుల్ కంపెనీని డబ్బు అడిగే హక్కు దానికొచ్చింది. మీ నెల బిల్లులోంచి కొంత స్టేషన్‌కి, దాంట్లోంచి కొంత నెట్‌వర్క్‌కి, అక్కడినుంచి లీగ్‌కి. ఈ దారి గుర్తుంటే చాలు. తిరగబడటం ఎంత గట్టిగా జరిగిందో చూడాలంటే శాన్ ఫ్రాన్సిస్కో చూడండి. అక్కడి ఎన్‌బీసీ స్టేషన్ క్రాన్‌ని ఎన్‌బీసీయే కొనాలనుకుంది, యంగ్ అనే కంపెనీ ఎక్కువ పాడి 80 కోట్ల డాలర్ల పైనే పెట్టి కొంది. అప్పుడు ఎన్‌బీసీ, నువ్వే నాకు ఏటా కట్టు అంది. యంగ్ ఒప్పుకోలేదు. శాన్ హోసేలోని కేఎన్‌టీవీ ఏటా 3.7 కోట్ల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చింది, 2002 జనవరి 1 నుంచి ఎన్‌బీసీ అటు వెళ్లిపోయింది. 2009లో యంగ్ దివాలా పిటిషన్ వేసింది.

ఇవి పాత కథలని తేలిగ్గా తీసుకోవద్దు. 2025 ఆగస్టులో అట్లాంటాలో సీబీఎస్ 46వ నంబర్ వదిలి 69కి వెళ్లింది. 1994లో 5వ నంబర్ పోయినప్పుడు సీబీఎస్ తలదాచుకున్న స్టేషన్ ఈ 46వే. ఇప్పుడు వెళ్లిన 69 మాత్రం సీబీఎస్ సొంతం. అట్లాంటాలో, ఆల్ఫరెటాలో యాంటెన్నా పెట్టుకున్న మనవాళ్లకి ఆ నెలలో ప్రోగ్రాం కనిపించక రీస్కాన్ చేసుకుని ఉంటే కారణం ఇదే.

ప్యాకేజీల గురించి, అంటే కట్టలుగా అమ్మే హక్కుల గురించి క్లుప్తంగా. హక్కుల వార్తలో పెద్ద అంకె కనిపిస్తే ముందు ఏళ్లతో భాగించండి, తర్వాత ఏం అమ్మారో చూడండి, తర్వాత ఏ ఊరికి వర్తిస్తుందో చూడండి. 2021లో ఎన్‌ఎఫ్‌ఎల్ 11 ఏళ్లకి చేసుకున్న ఒప్పందాలు సుమారు 11,000 కోట్ల డాలర్లు అన్నారు, అది ఒక్క కంపెనీ ఇచ్చేది కాదు, సీబీఎస్, ఫాక్స్, ఎన్‌బీసీ, ఈఎస్‌పీఎన్-ఏబీసీ, అమెజాన్ అందరివీ కలిపి. మన ఐపీఎల్ 2023-27 హక్కులు 48,390 కోట్ల రూపాయలు అన్నది కూడా అంతే, టీవీ హక్కులు స్టార్‌కి 23,575 కోట్లు, డిజిటల్ వయాకామ్18కి, విదేశాలవి మళ్లీ విడిగా. ఇక ఊరి సంగతి: డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉండి కౌబాయ్స్ కోసం సండే టికెట్ (డబ్బు కట్టి ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు చూసే ప్యాకేజీ) కొనేవాళ్లు ఆగండి. ఆ జట్టు ఆఫీసు మీ ఊళ్లోనే ఉంది, ఆదివారం మధ్యాహ్నం మీ ఊరి ఫాక్స్‌లోనో సీబీఎస్‌లోనో వచ్చే మ్యాచ్ సండే టికెట్‌లో రాదు, అది బయటి ఊళ్ల మ్యాచ్‌ల కోసం. యాంటెన్నాకి ఉచితంగా దొరికేదానికి డబ్బు కట్టొద్దు.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టం, వారం తీసుకోండి. ఫీనిక్స్ నగరంలో 3, 5, 10, 15 నంబర్లు తీసుకుని 1994 మొదట్లో ఒక్కో దాని ఓనరు, నెట్‌వర్క్ రాయండి. మళ్లీ 1995 చివరికి రాయండి. మధ్యలో ప్రతి మార్పు పక్కన కదిలింది హక్కులా, అఫిలియేషనా, ఓనరా అని ఒక్క మాట. నాలుగింటిలో ఒకటి 1995 చివరికి ఏ నెట్‌వర్కూ లేకుండా మిగిలిపోతుంది, అది ఎందుకు మిగిలిందో ఐదు వాక్యాల్లో, "ఫాక్స్ కొనేసింది" అన్న మాట వాడకుండా రాయండి. అమెరికాలో ఉన్నవాళ్లు ఫీనిక్స్ బదులు మీ ఊరు తీసుకోవచ్చు గానీ కనీసం రెండు మార్పులు జరిగిన ఊరై ఉండాలి. తేదీ లేని జవాబులు దిద్దను.

వచ్చే పాఠంలో సిండికేషన్, అంటే నెట్‌వర్క్‌తో పని లేకుండా ఒక్కో స్టేషన్‌కి విడివిడిగా అమ్ముడయ్యే ప్రోగ్రాంలు. రెండు గళ్ల కాగితం పారేయకండి, దానికి మూడో గడి కలుపుతాం.