పాలపిట్ట రంగు కనబడాలంటే ఎక్కడ నిలబడాలి

కరెంటు తీగ మీది పాలపిట్టను చూసి "ఇదేనా? మట్టిరంగులో ఉందే" అని పెదవి విరిచేవాళ్లు చాలామంది. తప్పు పిట్టది కాదు, మనం నిలబడిన చోటుది. దాని ఈకల్లో నీలిరంగు పదార్థమంటూ ఏదీ లేదు. ఈక లోపల స్పాంజి లాంటి సన్నటి అల్లిక ఉంటుంది, దాని మీద వెలుతురు పడి చెదిరితేనే నీలం పుడుతుంది. పొద్దు పిట్ట వెనక ఉంటే తీగ మీద నల్లటి ముద్దే మిగులుతుంది. లకుముకి పిట్ట వీపుదీ ఇదే కథ.

కాబట్టి పిట్టను వెతికే ముందు దిక్కు చూసుకోండి. ఉత్తర దక్షిణాలుగా సాగే కాలువ గట్టయితే మేలు. పొద్దున తూర్పు గట్టు మీద నడుస్తూ పడమటి గట్టు వైపు చూడాలి, సాయంత్రం పడమటి గట్టు మీద నడుస్తూ తూర్పు వైపు చూడాలి. తెల్లవారినప్పటి నుంచి తొమ్మిదింటి దాకా, మళ్లీ నాలుగు దాటాక వెలుతురు బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం పిట్ట కడుపు నీడలో పడిపోతుంది, వేడికి గాలి కదిలి బైనాక్యులర్‌లో బొమ్మ ఊగుతుంది.

బైనాక్యులర్ కొనేవాళ్లకు 8×42 చాలు. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 10×50 కొంటే బరువుకి చెయ్యి వణికి, ఉన్న వివరం కూడా పోతుంది. కొన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని సర్దుకోకుండానే వాడేస్తారు. ముందు కుడి గొట్టానికి మూత పెట్టి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు స్పష్టమయ్యే దాకా మధ్య చక్రం తిప్పండి. తర్వాత మూత ఎడమ గొట్టానికి మార్చి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగు ఒక్కటే తిప్పి అవే అక్షరాలు సరిచేయండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటే ఇక రోజూ మధ్య చక్రంతోనే పని. కళ్లజోడు ఉన్నవాళ్లు రబ్బరు కప్పులు కిందికి దించుకోవాలి.

పాలపిట్టకి దట్టమైన అడవి అక్కర్లేదు. అక్కడక్కడా చెట్లు, మధ్యలో ఖాళీ నేల, పైన ఒక తీగ ఉంటే చాలు. తీగ మీద కదలకుండా కూర్చుని నేల మీది మిడతల్నీ పురుగుల్నీ చూస్తుంటుంది. మీరూ ఆగండి. అది ముందుకు వంగిందంటే బైనాక్యులర్ కంటికి ఆనించండి. కిందికి దూకేటప్పుడు విచ్చుకునే ముదురు నీలం, లేత నీలం పట్టీలు చూడడానికే ఈ తంటా అంతా. తరచూ పాత చోటికే తిరిగి వస్తుంది కనుక ఇరవై నిమిషాలు ఓపిక పడితే రెండో అవకాశం దొరుకుతుంది. తొలకరి తర్వాత ఉసిళ్లు లేచిన సాయంత్రం పొలాల్లో ఒకేసారి పలు పిట్టలు చేరతాయి. కారులో వెళ్తే దిగకండి, మనిషిని చూసి బెదిరినంతగా బండిని చూసి బెదరదు. ఇంజను ఆపి అద్దంలోంచే చూడండి. దసరాకి బోనులో తెచ్చి చూపించేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడమే నేరం. పైగా కాళ్లు కట్టి, రెక్కలు జిగురుతో అంటించి తెస్తారు.

కాలువ గట్టు నిటారుగా తెగిన చోట్ల తేనెటీగల్ని పట్టి తినే పసిరిక పిట్టలు, లకుముకులు గూళ్లు తవ్వుకుంటాయి. రంధ్రం అడుగు అంచున కాళ్లు రాపిడి పడి రెండు చాళ్లు కనిపిస్తే అందులో కాపురం ఉన్నట్టు. మూతికి సాలెగూడు ఉంటే ఖాళీ. లకుముకి నోట్లో చేప ఎటు తిరిగి ఉందో గమనించండి. చేప తల బయటికి ఉంటే అది పిల్లలకో జోడుకో తీసుకెళ్తోంది, తోక బయటికి ఉంటే తనే మింగబోతోంది. పసిరిక తేనెటీగను కొమ్మకేసి బాది, రుద్ది, కొండి పోయాకే తింటుంది. పిట్ట మేత నోట పట్టుకుని కన్నంలోకి వెళ్లకుండా దగ్గరి కొమ్మ మీదే తచ్చాడుతోందంటే మీరు మరీ దగ్గరికొచ్చారన్నమాట. పదడుగులు కాదు, ముప్పై నలభై అడుగులు వెనక్కి జరగండి. అన్నట్టు, తెల్లటి రొమ్ము ఉన్న పెద్ద లకుముకిని, బుచ్చిగాణ్ణి, నీళ్ల దగ్గరే వెతకనక్కర్లేదు. తొండల్నీ మిడతల్నీ తింటూ ఊరి మధ్య తీగల మీద కూడా ఉంటాడు.

కష్టమంతా పొన్నంకి పిట్ట దగ్గరే. మన "పిట్ట" మాటనే శాస్త్రవేత్తలు దాని ప్రజాతి పేరుగా పెట్టుకున్నారు, మనకేమో అది కనబడదు. ఆకుపచ్చ వీపు, తోక కింద ఎరుపు, నీలి భుజం ఉండి కూడా ఎండుటాకుల నీడలో కలిసిపోతుంది. వలస వేళల్లో, అంటే మేలోనూ అక్టోబరు, నవంబరుల్లోనూ, తోటల్లో పొదల కింద దిగుతుంది. తెల్లవారుజామున, సందె వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. ఈల వినబడ్డ వైపు నడవకండి. చెట్టుకు వీపు ఆనించి నేల మీద కూర్చుని, ఎండుటాకులు తిరగేస్తున్న చప్పుడు కోసం అరగంట వినండి. ఫోన్లో దాని కూత పెట్టి పిలవడం తేలికే, కానీ పోటీకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని మేత మానేసి తిరుగుతుంది. ఒక్క ఫొటో కోసం అది మంచిపని కాదు.

వలసలో అలసిన పొన్నంకి కిటికీ అద్దానికి కొట్టుకుని పడిపోవడం మామూలే. ఫ్యాను ఆపి, పిల్లినీ కుక్కనీ బయట పెట్టి, చెప్పుల డబ్బాకి పెన్నుతో పది కన్నాలు పొడిచి, అడుగున బట్ట పరిచి, అందులో ఉంచి మూత వేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెక్క వేలాడుతుంటే అటవీ శాఖవాళ్లకు చెప్పండి. లేకపోతే గంట రెండు గంటల్లో లోపల గీరుడు చప్పుడు మొదలవుతుంది. అప్పుడు డబ్బాని పొద పక్కన నేల మీద పెట్టి మూత తీసి వెనక్కి జరగండి, గాల్లోకి ఎగరేయకండి. చీకటి పడితే తెల్లారే దాకా డబ్బాలోనే ఉండనివ్వండి.