దడేల్‌మనకుండా దిగడం: నాలుగో పాఠం

విమానం నడపడం నేర్చుకుంటూ మూడో పాఠంలో ఫైనల్ అప్రోచ్ దాకా, అంటే రన్‌వేకి సూటిగా దిగే ఆఖరి దశ దాకా వచ్చాం. సెస్నా 172 అనే చిన్న విమానంలో ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించి 65 నాట్ల దగ్గర, అంటే గంటకు 120 కిలోమీటర్ల దగ్గర, వేగం నిలబెట్టడం వచ్చిందనుకుందాం. మిగిలింది ఆఖరి పదిహేను అడుగులు. స్టూడెంట్ల టెన్షనంతా అక్కడే.

దడేల్‌మని పడటానికి చేతుల కంటే కళ్లే ఎక్కువ కారణం. కావలి నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో ముందు సీటు దొరికితే ఒకసారి గమనించండి. బంపర్ ముందున్న తారును చూస్తే రోడ్డంతా అలికేసినట్టు కనిపిస్తుంది, ఏదీ అంచనాకు అందదు. చూపు దూరానికి చాపితే అన్నీ కుదురుగా ఉంటాయి. రన్‌వే మీదా అంతే. ముక్కు ముందే చూసేవాడికి నేల మీదికొచ్చేస్తున్నట్టనిపించి, యోక్ (విమానం ముక్కును ఎత్తే, దించే స్టీరింగ్) గబుక్కున లాగేస్తాడు. విమానం ఇరవై అడుగుల ఎత్తున వేగం పోగొట్టుకుని కూలబడుతుంది. కాబట్టి చూపు రన్‌వే చివర పెట్టండి. ఎత్తు సంగతి కంటి కొసలకు కనిపించే రన్‌వే అంచులే చెబుతాయి.

ఇక చేతులు. థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే, తగ్గించే మీట) మూసి, ముక్కును మెల్లగా సమం చేసి, విమానం దిగుతున్న కొద్దీ యోక్‌ను కొంచెం కొంచెం వెనక్కి తీసుకోండి. నిండు బిందెను అరుగు మీద దించినట్టు. వెనక చక్రాలే ముందు తాకాలి.

మే నెల నెల్లూరు ఎండలో గాలి పలచబడుతుంది. వేగం మీటర్‌లో 65 చూపిస్తున్నా నేలను దాటే వేగం ఎక్కువే ఉంటుంది. అది చూసి వేగం తగ్గించకండి, స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక పడిపోతుంది.

నా మూడో సోలోలో, అంటే ఒంటరిగా నడిపినప్పుడు, చక్రాలు తాకి విమానం పైకి ఎగిరింది. భయంతో ముక్కు కిందికి తోశాను. ముందు చక్రం కొట్టుకుని ఇంకా ఎత్తుకు లేచింది. అప్పుడు గానీ ఫుల్ థ్రాటిల్ ఇచ్చి గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకెళ్లి చుట్టి రావడం) చేయలేదు. మా నెల్లూరు మాటలో చెప్పాలంటే, ముక్కు తొయ్యబాకండి. చిన్న గెంతైతే ముక్కు అలాగే పట్టి కాస్త పవర్ ఇస్తే చాలు. పెద్దదైతే ఫుల్ థ్రాటిల్. ఫ్లాప్స్ మాత్రం ఒకేసారి ఎత్తేయకూడదు, ముందు 20 డిగ్రీలకే.

దిగాక ఇన్‌స్ట్రక్టర్ నన్ను తిట్టలేదు. టార్చి పట్టుకుని ఇంజిన్ వెనక ఫైర్‌వాల్ రేకు ముడతలు పడిందేమోనని చూశారు. ముందు చక్రం దెబ్బ చేరేది అక్కడికే.

బస్సు ప్రయోగం చేసి రండి. వచ్చే పాఠం పక్కగాలి.