కంటికి సైటొచ్చాక పిస్టల్‌కి ఏ సైటు?

మా వైపు "ఆయనకి సైటొచ్చింది" అంటే కళ్లజోడు పడిందని అర్థం. పిస్టల్ మీద గురి చూసుకునే ముక్కనీ సైటే అంటాం. నలభై దాటాక ఈ రెండు సైట్లకీ పొసగదు. నాకది యాభై రెండో ఏట తెలిసొచ్చింది. పర్లాకిమిడిలో మా పెరటి గోడవారన పది మీటర్లు కొలిచి, వెనక ఇసుక బస్తాలు పేర్చి, ఎయిర్ పిస్టల్ పేల్చుకోవడం నా పాత సరదా. ఓ ఏడాది టార్గెట్ మీద తొమ్మిది పాయింట్లు పడే దెబ్బలన్నీ ఏడులూ ఆరులూ అయిపోయాయి. చెయ్యి వణుకుతోందనుకున్నాను. తర్వాత పిస్టల్ పాతబడిందనుకుని ఖరీదైన వెనక సైటు తెప్పించాను. కొత్తదీ అంతే మసగ్గా కనబడింది. తప్పు నా ముక్కు మీదున్న బైఫోకల్ అద్దాలదని తేలేసరికి డబ్బు పోయింది, ఆరు నెలలూ పోయాయి.

అదే బాధ ఇప్పుడు టెక్సాస్‌లో ఉన్న మా అక్కగారి ఆయనకి. అక్కడ రివాల్వర్‌తో అడవిపందుల వేట చట్టబద్ధం. మన దగ్గర అలాంటి సరదాలు కుదరవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. మహేంద్రగిరి అడవిలో కుందేలు మీద పేల్చినా కేసే. మనకి కాగితపు టార్గెట్టే గతి. కానీ కంటి లెక్క ఇద్దరికీ ఒకటే. ఆయనకి వీడియో కాల్‌లో చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

గురి చూసేటప్పుడు కంటి ముందు మూడు వస్తువులుంటాయి: వెనక సైటు గాడి, ముందు సైటు, దూరాన టార్గెట్. ఏ వయసులోనైనా కన్ను ఒకసారి ఒకదాన్నే స్పష్టంగా పట్టుకుంటుంది. కుర్రవాళ్ల కంట్లో కటకం మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ మూడింటి మధ్యా చకచకా తిరుగుతుంది. చత్వారం వచ్చాక కటకం గట్టిపడి ఒకచోట బిగుసుకుపోతుంది.

స్పష్టంగా కనబడి తీరాల్సింది ముందు సైటు. టార్గెట్ కాస్త మసగ్గా ఉన్నా కొంప మునగదు. ఎందుకో లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య 30 సెం.మీ. ఉందనుకుందాం. చెయ్యి మొత్తం 1 మి.మీ. పక్కకి జరిగితే పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ గుండు) కూడా 1 మి.మీ. పక్కన పడుతుంది, అంతే. అదే ముందు సైటు గాడిలో 1 మి.మీ. తప్పితే పది మీటర్ల దగ్గర తేడా 33 మి.మీ. పది పాయింట్ల వలయం అడ్డకొలత 11.5 మి.మీ. మాత్రమే. పది పడాల్సిన చోట ఆరు పడుతుంది.

ఇంకో మాట. నంబరు తరచూ మారిపోతున్నా, రాత్రిపూట బండి లైట్ల చుట్టూ వలయాలు కనబడుతున్నా సైట్లు కొనే పని పక్కనపెట్టి కంటి డాక్టర్ని కలవండి. శుక్లమేమో చూస్తారు. షుగర్ ఉన్నవాళ్లు అది అదుపులో ఉన్నప్పుడే నంబరు చూపించుకోవాలి. షుగర్ ఎక్కి దిగుతుంటే చూపూ దానితోపాటు మారుతుంది. నేను ఒకసారి పండగ మర్నాడు వెళ్లి చూపించుకున్న నంబరు మూడు వారాలకే పనికిరాకుండా పోయింది.

2. ఒక దారం ముక్క కొలుచుకోండి

పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. రోజూ నిలబడేట్టే నిలబడి చెయ్యి చాచండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి, మీ కంటి పక్కన కణత దగ్గర్నుంచి ముందు సైటు దాకా దారం పట్టమని చెప్పి, అక్కడ ముడి వేయించండి. నాది 82 సెం.మీ. వచ్చింది.

ఆ దారం జేబులో వేసుకుని కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను. "చదువుకోడానికా మేస్టారూ, బండి నడపడానికా?" అన్నాడు కుర్రాడు. రెండూ కాదు నాయనా అని దారం అతని బల్ల మీద చాచి పెట్టాను. ఒక కొస నా కణతకి, రెండో కొస అతని క్యాలెండర్ మేకుకి. అప్పుడు అర్థమైంది అతనికి. సంగతంతా ఆ దారంలోనే ఉంది. చదువుకునే అద్దం సుమారు 40 సెం.మీ. దూరానికి చేస్తారు. ముందు సైటు దానికి రెట్టింపు దూరంలో ఉంటుంది కాబట్టి ఆ అద్దంలోంచి మసగ్గానే కనబడుతుంది. దూరపు అద్దానికి అది మరీ దగ్గర.

3. గురికి విడిగా ఒక జోడు చేయించండి

లెక్క తేలిక. ఒకటిని మీటర్లలో దూరంతో భాగిస్తే పవర్ వస్తుంది. 82 సెం.మీ.కి సుమారు +1.25. అంత పవర్ పెడితే ముందు సైటు కత్తిలా కనబడుతుంది గాని టార్గెట్ మరీ కరిగిపోతుంది. అందుకే అందులో సగం, అంటే మీ దూరపు నంబరుకి +0.50 గాని +0.75 గాని కలపడం మంచిది. సైటు చాలినంత స్పష్టంగా ఉంటుంది, టార్గెట్ గుండ్రంగా గుర్తుపట్టేలా మిగులుతుంది. దూరపు నంబరు -1.00 ఉన్నవాళ్లకి +0.75 కలిపితే -0.25 అవుతుంది. వాళ్లు కళ్లజోడు తీసేసి కాల్చినా దాదాపు సరిపోతుంది. నా మిత్రుడొకడు ఏళ్లుగా అలాగే కాలుస్తున్నాడు, కారణం తెలియకుండానే.

షాపులో ట్రయల్ ఫ్రేములో మూడు పవర్లూ మార్చి మార్చి చూడండి. పిస్టల్ పట్టుకెళ్లక్కర్లేదు, షాపువాడు కంగారుపడతాడు. దారం ముడి దగ్గర నల్లటి పెన్ను మూత నిలబెట్టి చూస్తే చాలు. బైఫోకలూ ప్రోగ్రెసివూ వద్దు. వాటిలో దగ్గర చూపు కింద భాగంలో ఉంటుంది, తల వెనక్కి వాల్చాల్సొస్తుంది, మెడ బిగుస్తుంది. ఒకే పవర్ ఉన్న పాలీకార్బొనేట్ అద్దం తీసుకోండి. పెల్లెట్ తుంపు ఎగిరి వచ్చినా కంటికి అడ్డు ఉంటుంది.

4. సూదిబెజ్జం చూడండి

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. విజిటింగ్ కార్డుకి లావుపాటి సూదితో బెజ్జం పొడిచి అందులోంచి చూడండి. సైటూ టార్గెట్టూ రెండూ ఒక్కసారిగా తేటపడతాయి. బెజ్జం చిన్నదైన కొద్దీ దగ్గరా దూరమూ కలిసి స్పష్టమవుతాయి. దీన్నే ఐరిస్ అని కళ్లజోడుకి తగిలించుకునేలా అమ్ముతారు. వెలుతురు బాగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. వేటగాడికి మసక వెలుగులో ఇది దండగ.

5. ఇప్పుడు సైటు

కాగితపు టార్గెట్ పోటీలకి ఎంచుకోడానికి పెద్దగా ఏమీ లేదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి మామూలు తెరిచిన సైట్లే ఒప్పుతారు. రెడ్ డాట్ (చిన్న అద్దంలో వెలిగే చుక్కతో గురి చూపే సైటు), స్కోప్ (దుర్భిణిలాంటి సైటు), లేజర్ పనికిరావు. కానీ ఆ మామూలు సైట్లనే వయసుకి తగ్గట్టు మార్చుకోవచ్చు. వెనక గాడి వెడల్పు తిప్పుకునే మర ఉంటే వదులు చేయండి. ముందు సైటుకి అటూ ఇటూ తెల్లటి సందు బాగా కనబడాలి. ఇరుగ్గా ఉంటే ముసలి కంటికి అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మెరుగు పెట్టిన సైట్లు వద్దు, మసి బారినంత నలుపు కావాలి.

వేటకి సంగతి వేరు. మా బావ ముందు అడిగింది ఫైబర్ ఆప్టిక్ గురించి, అంటే బయటి వెలుగుని పట్టుకుని మెరిసే సన్నటి పోగున్న సైటు. పగలు ఆకుపచ్చ చుక్కలా వెలుగుతుంది, కంటికి చటుక్కున తగులుతుంది. అయితే వెలుగు తగ్గితే ఆరిపోతుంది. అడవిపంది కదిలేదే అప్పుడు.

నా ఓటు రెడ్ డాట్‌కి. దాని చుక్క అద్దం మీద కనబడుతున్నా కంటికి మాత్రం దూరాన ఉన్నట్టే ఉంటుంది. దూరపు కళ్లజోడుతో చుక్కా టార్గెట్టూ రెండూ కలిసి కనబడతాయి, చత్వారం గొడవే లేదు. చుక్క సైజు చూసి కొనాలి. దాన్ని ఎం.ఓ.ఏ.ల్లో చెబుతారు, అది కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు. 3 ఎం.ఓ.ఏ. చుక్క 50 మీటర్ల దగ్గర సుమారు 4.4 సెం.మీ. మేర కప్పుతుంది, 6 ఎం.ఓ.ఏ. అయితే 8.7. చిన్నదే మేలు.

"చుక్క కాదురా, తోకచుక్క కనబడుతోంది!" అన్నాడు బావ వారం తిరక్కుండానే. "వాపసు ఇచ్చేయనా?"

"ఆగండి బావా. ఫోన్ కెమెరా లోంచి చూడండి, గుండ్రంగా ఉందా?"

ఉంది. అంటే లోపం సైటుది కాదు, ఆయన కంటి సిలిండర్ నంబరుది (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చే నంబరు). సిలిండర్ సరిచేసిన కళ్లజోడు పెట్టుకుని, వెలుగు రెండు మెట్లు తగ్గించాక తోక చాలావరకు పోయింది. అసలు అందరూ చేసే తప్పు వెలుగు మరీ ఎక్కువ పెట్టడం.

స్కోప్ కావాలంటే పిస్టల్ కోసం చేసిందే కొనాలి. రైఫిల్ స్కోప్ కంటికి సుమారు 8–10 సెం.మీ. దూరంలో ఉండాలి, చాచిన చేతిలో పట్టుకుంటే అందులో నల్లటి మరక తప్ప ఏమీ కనబడదు. చూద్దామని దగ్గరికి లాక్కుంటే రివాల్వర్ తన్ను కనుబొమ్మకి తగులుతుంది. పిస్టల్ స్కోప్ అయినా చేతి వణుకుని పెద్దది చేసి చూపిస్తుంది, ఆనించుకోడానికి ఏదో ఒకటి ఉంటే తప్ప అరవై దాటినవాళ్లకి నేను చెప్పను.

6. మార్చింది ఒక్కటే అయి ఉండాలి

అద్దం, సైటు ఒకేరోజు మార్చకండి. ముందు కొత్త అద్దంతో పాత సైటు మీద పదేసి పెల్లెట్లు నాలుగు కాగితాల మీద కాల్చి తేదీ వేసి దాచండి. పడేచోటు పక్కకి జరిగి ఉంటే వెనక సైటు క్లిక్కులతో సరిచేయండి. ఆ నాలుగు కాగితాల్లో బెజ్జాల గుంపు దగ్గరపడితే మీకు కొత్త సైటు అక్కర్లేదు. నేను కొన్నది ఇప్పటికీ డబ్బాలోనే ఉంది.