తెరచాప ఓడల యుద్ధం కథలో రాయాలంటే

ముందు ఏదైనా ఒక నిజమైన పోరు ఎంచుకోండి. మనకు దగ్గర్లోనే ఒకటుంది: 1804 సెప్టెంబర్ 15న విశాఖపట్నం తీరంలో ఫ్రెంచి అడ్మిరల్ లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చి, లంగరేసి ఉన్న బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద పడ్డాడు. ఆయన ఓడ మరెంగోకి 74 ఫిరంగులు, సెంచూరియన్‌కి 50. దానితో పాటున్న వర్తక నౌకల్లో ప్రిన్సెస్ షార్లెట్ పట్టుబడింది, బార్నబీ ఒడ్డుకెక్కి పాడైపోయింది.

తర్వాత గాలి ఎటునుంచి వీస్తోందో కాగితం మీద బాణం గీసి పెట్టుకోండి, ఎందుకంటే ఎప్పుడు దగ్గరకెళ్ళి కొట్టాలో చాలావరకు గాలికి ఎగువన ఉన్నవాడే తేల్చుకుంటాడు, దిగువనున్నవాడు కాచుకోవాలి, లేదంటే పారిపోవాలి. చాలా కథలు తేలిపోయేది ఇక్కడే: నాయకుడు అరవగానే ఓడ కారులా వెనక్కి తిరిగిపోతుంది!

గుండ్లు కూడా అన్నీ ఒకటి కాదు. ఓడ పొట్ట పగలగొట్టడానికి బరువైన ఇనుప గుండు, తాళ్ళూ తెరచాపలూ తెంపడానికి గొలుసు గుండు. ఇనుప గుండు తగిలినా అది పేలదు. లోపలున్నవాళ్ళని ఎక్కువగా గాయపరిచేది పగిలి ఎగిరొచ్చే చెక్క పేళ్ళు. నాలుగైదు రౌండ్లయ్యాక పొగలో ఎదుటి ఓడ సరిగ్గా కనపడదు, కాబట్టి ఆ సీన్‌లో చూపు తగ్గించి చప్పుడు పెంచండి.

మోసపు జెండా వాడుకోవచ్చు, అప్పట్లో అది మామూలే. కాకపోతే మొదటి ఫిరంగి పేల్చేముందు సొంత జెండా ఎగరేయించండి, అదే ఆనాటి మర్యాద.