‘సెట్టు డెడ్’ అన్నారా? కంగారు పడకుండా ఇవి అడగండి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మొబైల్ రిపేర్ షాపుల్లో నడిచే మాటలు దాదాపు అవే. అర్థం కాకపోయినా కౌంటర్ దగ్గర తలూపి వస్తే తర్వాత బిల్లు దగ్గర లొల్లి, అందుకే ఏ మాట వినబడితే ఏం అడగాలో చెప్తాను.

‘సెట్టు డెడ్’ అంటే ఫోన్ పనైపోయిందని కాదు, ఆన్ అవట్లేదని, అంతే. చార్జింగ్ పిన్ పోయినా, బ్యాటరీ పోయినా అదే మాట. “డీసీ మీద పెట్టి చూశారా అన్నా?” అని అడగండి. డీసీ అంటే ఆంపియర్లు చూపించే పవర్ సప్లై డబ్బా, బ్యాటరీ తీసేసి ఆ డబ్బా వైర్లతో బోర్డుకు (ఫోన్ లోపలి సర్క్యూట్ పలకకు) 4 వోల్టుల దాకా ఇస్తారు. పవర్ బటన్ నొక్కకముందే రీడింగ్ లేచిందంటే బోర్డు ఎక్కడో ఊరికే కరెంటు తాగుతోంది. కరెంటు ఇలా అడ్డదారిలో పోవడాన్నే షార్ట్ అంటారు. గట్టిగా లేస్తే ఫుల్ షార్ట్, కొంచెం లేస్తే హాఫ్ షార్ట్. విచిత్రమేంటంటే ఫుల్ షార్టే నయం. మల్టీమీటర్‌ను బజర్‌లో పెట్టి తాకించగానే కూస్తుంది, బోర్డుకు రోజిన్ (టంకం పనిలో వాడే బంక) పొగ తెల్లగా పట్టించి సప్లై ఇస్తే షార్టయిన కెపాసిటర్ (బోర్డు మీది ఓ బుల్లి భాగం) వేడెక్కి, దాని మీది తెల్ల పొర కరిగి, అదొక్కటే నల్లగా బయటపడుతుంది. దాన్ని పీకేస్తే చాలాసార్లు సెట్టు లేస్తుంది. హాఫ్ షార్ట్‌లో అంత వేడి పుట్టదు, వెతుకుడే వెతుకుడు, కాబట్టి ‘రెండు రోజులు ఉంచి పో తమ్మీ’ అంటే సాకు చెప్తున్నాడని అనుకోకండి.

అసలు డబ్బులు పోయేది డిస్‌ప్లే దగ్గర. ‘కాంబో పోయింది’, ‘ఫోల్డర్ వేయాలి’ అంటే గ్లాసు, టచ్, డిస్‌ప్లే మూడూ కలిపి మార్చడం. బొమ్మ బాగుండి, టచ్ పనిచేస్తూ, పైన గ్లాసు మాత్రమే పగిలితే “గ్లాస్ ఒక్కటే అవుతదా?” అనండి. విడదీసేటప్పుడు డిస్‌ప్లే పోతే ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. ‘ఓజీ’ అనే మాటను మాత్రం నేను నమ్మను, ఒరిజినల్ అని మనకు వినిపిస్తుంది, ఇచ్చేది చాలాసార్లు మంచి కాపీ. అమోలెడ్ (నలుపు దగ్గర వెలుగే ఉండని స్క్రీన్) ఫోన్‌కు టీఎఫ్‌టీ (వెనక లైటు వెలిగే చవక రకం) కాంబో వేస్తే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది, స్క్రీన్ మీది వేలిముద్ర సాధారణంగా పనిచేయదు. అతికించకముందే కనెక్టర్ పెట్టించి, పూర్తి నల్ల ఫొటో ఒకటి తెరిచి చూడండి.

‘జంపర్ కొట్టినం’ అంటే తెగిన లైనుకు సన్న తీగ వేశారని, అది తప్పుడు పనేం కాదు. ‘హీట్ కొట్టినం’ అంటేనే జాగ్రత్త, ఐసీ (బోర్డు మీది చిప్) మీద వేడి గాలి పెట్టి కింది సీసం (టంకం) మళ్లీ అతుక్కునేలా చేస్తారు, మళ్లీ వదిలేసే అవకాశం ఎక్కువ. ఐసీ పీకి కింద కొత్త సీసం గుండ్లు వేస్తే రీబాల్, దానికి రేటు ఎక్కువున్నా అర్థముంది.

ఇక ‘సాఫ్ట్‌వేర్ కొట్టాలి’ అనగానే “డేటా ఉంటదా, పోతదా?” అని అడగకుండా ఫోన్ చేతికివ్వకండి, ఫ్లాష్ చేస్తే, అంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే, ఫొటోలన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఎఫ్‌ఆర్‌పీ లాక్ (దొంగిలించినవాళ్లు రీసెట్ చేసి వాడుకోకుండా గూగుల్ పెట్టిన తాళం) ఉంది, రీసెట్ అయ్యాక పాత జీమెయిల్ అడుగుతుంది. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే లాక్ తీయడానికి ఇంకో బిల్లు.